పళ్లు అరగదీయించాక చించిల్లా తినడం లేదా? "ఆకలేస్తే అదే తింటుంది" అని మాత్రం వదిలేయకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. మీ చించిల్లాకు, అంటే ఇంట్లో పెంచుకునే ఆ ఎలుక జాతి బొచ్చు జీవికి, నాలుగేళ్లు. నెల రోజులుగా గడ్డి తినడం తగ్గించేసింది, గడ్డం కింద ఎప్పుడూ తడిగా ఉంటోంది. శనివారం చెన్నై తీసుకెళ్లి, మత్తిచ్చి దవడ పళ్లు అరగదీయించారు. ఆదివారం తెల్లారేసరికి చిత్తూరు వచ్చేశారు. ఇవాళ సోమవారం రాత్రి. గడ్డి ముట్టడం లేదు, పెల్లెట్ (గడ్డి పొడితో చేసిన మేత గుళిక) నోట్లో పెట్టుకుని వదిలేస్తోంది. డాక్టరు ఇచ్చిన మేత పొడి నీళ్లలో కలిపి మూడు పూటలా 3 మి.లీ. చొప్పున సిరంజితో పడితే సగం ఉమ్మేసింది. ఆపరేషన్‌కు ముందు 486 గ్రాములు ఉండేది, ఇవాళ 452. ఐదు రోజులకు రాసిన నొప్పి మందును కడుపులో మంట పుట్టిస్తుందేమోనని ఒక్క రోజు వేసి ఆపేశారు. ఇంట్లో పెద్దవాళ్లేమో "దాన్ని ఏడిపించకు, ఆకలేస్తే అదే తింటుంది" అంటున్నారు.

ఆ చివరి మాట సంగతే ముందు తేల్చుకుందాం. ఎందుకంటే నా మొదటి చించిల్లాను నేను పోగొట్టుకున్నది ఆ మాట నమ్మే.

దాని పేరు చిట్టి. అప్పట్లో నాకు వీటి గురించి తెలిసింది సున్నా. తినడం లేదని చూపిస్తే, ఒకచోట ముందు పళ్లు మాత్రం కత్తిరించి పంపారు. దవడ పళ్లు ఎవరూ చూడలేదు, చూడమని అడగాలని నాకూ తెలియదు. "ఆకలేస్తే అదే తింటుందిలే" అన్నారు. నేనూ గిన్నె నిండా పెల్లెట్లు పోసి, పక్కన రెండు కిస్మిస్‌లు పెట్టి, ఎదురు చూస్తూ కూర్చున్నా. నాలుగో రోజు పొద్దున లేచి చూసేసరికి బోనులో ఓ మూల అలాగే ముడుచుకుని ఉంది.

కుక్క ఒక పూట పస్తుంటే మరుసటి పూట రెట్టింపు తింటుంది. చించిల్లా పేగు అలా పనిచేయదు. వెనక నుంచి పీచు తోస్తూ ఉంటేనే ముందున్నది కదులుతుంది. లోపలి మంచి సూక్ష్మజీవులు బతికేదీ ఆ పీచు మీదే. తోపు ఆగిందంటే గ్యాస్ పట్టేస్తుంది, ఆ నొప్పికి ఇంకా తినదు. పైగా వీటికి వాంతి రాదు, లోపలికి పోయింది కిందికి కదలాల్సిందే. ఇంకోపక్క ఒంట్లో కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. కాలేయం దెబ్బతింటే తిండి మీద ధ్యాసే పోతుంది. అంటే పస్తుంటే ఆకలి పెరగడం కాదు, ఆకలి చచ్చిపోతుంది. కాబట్టి నోరు మానేదాకా పేగు ఆగకుండా చూడటమే మన పని. రుచి, ఇష్టం, అలక, అన్నీ తర్వాత. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇంతే చెప్పండి: బాలింతకు పథ్యం ఎలాగో దీనికి సిరంజి అలాగ.

ఇక లెక్కకొద్దాం. సొంతంగా అసలు తినని చించిల్లాకు మామూలుగా కిలో బరువుకు రోజుకు 50 నుంచి 80 మి.లీ. దాకా కలిపిన ముద్ద పట్టాలి. మీదానికి 452 గ్రాములు కాబట్టి రోజుకు 23 నుంచి 36 మి.లీ. మీరు పట్టింది 9. అందులో సగం గడ్డం మీదే కారిపోయింది. బరువు పడిపోవడానికి పెద్ద రహస్యమేమీ లేదమ్మా, తిండి చాలలేదు. రెండు రోజుల్లో 34 గ్రాములంటే 7 శాతం. 10 శాతం దాటితే, అంటే 437కు దిగితే, ఫోన్లతో సరిపెట్టకుండా మళ్లీ తీసుకెళ్లాల్సిందే.

అలాగని ఈ రాత్రే ఒక్కో పూటకు 6 మి.లీ. కుక్కేయకండి. ముందు కడుపు మీద మెల్లగా రెండు వేళ్లు పెట్టి చూడండి. చపాతీ పిండి ముద్దలా మెత్తగా ఉంటే సరే. తప్పెటలా బిగిసి ఉంటే, ముట్టుకుంటే పళ్లు కొరుకుతుంటే, సిరంజి పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించండి. గ్యాస్‌తో ఉబ్బిన కడుపులోకి ఇంకా తోస్తే ప్రమాదం. మెత్తగానే ఉందంటే ఈ రాత్రి రెండు గంటలకోసారి 3 మి.లీ. చొప్పున మొదలుపెట్టండి. పెంటికలు పడటం మొదలైతే రేపటి నుంచి పూటకు 5, 6 మి.లీ.కు పెంచి, ఐదారు పూటలు చేయండి. ఇది సందెవేళ మేలుకునే జీవి. సాయంత్రం ఆరు నుంచి తెల్లారి ఆరు లోపల నాలుగు పూటలు పడేలా చూసుకుంటే మనకు నిద్ర తక్కువే గానీ, దానికి మాత్రం అదే సరైన భోజనం వేళ. మిట్టమధ్యాహ్నం నిద్ర లేపి పెడితే నాది కూడా సగం ఉమ్మేసేది.

ముద్ద ఎలా కలుపుతున్నారో మీరు రాయలేదు. చాలామంది తప్పు చేసేది అక్కడే. ఒక చెంచా పొడికి రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు పోసి ఐదు నిమిషాలు వదిలేయండి. పొడి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. అప్పుడు ఇంకొంచెం నీళ్లు పోసి, దోసె పిండి కంటే రవ్వంత పలుచగా చేసుకోండి. కలిపిన వెంటనే సిరంజిలోకి లాగితే అది సిరంజిలోనే ఉబ్బి మూతి దగ్గర అడ్డం పడుతుంది. మనం గట్టిగా నొక్కుతాం, ఒక్కసారిగా 2 మి.లీ. నోట్లోకి దూకుతుంది, అది ఉమ్మేస్తుంది, మనం "మొండిది" అంటాం. తప్పు దానిది కాదు. 1 మి.లీ. సిరంజి మూతిని బ్లేడుతో కొద్దిగా కోసి, అంచు గరుకు లేకుండా గోళ్లు అరగదీసే ఆకురాయితో నున్నగా చేయండి. అలాంటివి నాలుగైదు ముందే నింపి పెట్టుకుంటే పెద్ద సిరంజి కంటే చేతికి అదుపు ఎక్కువ. సూది ఉన్నదేదీ దగ్గర ఉంచుకోకండి. కలిపిన ముద్ద మన ఎండలకు రెండు గంటలకే పులుస్తుంది. ఏ పూటకు ఆ పూట కలుపుకోవడమే మేలు.

డాక్టరిచ్చిన పొడి అయిపోతే? మన దగ్గర ఏ అంగడికి వెళ్లినా అది దొరకదు, ఆన్‌లైన్‌లో పెడితే నాలుగైదు రోజులు పడుతుంది. కాబట్టి సగం ఉండగానే ఆర్డర్ పెట్టేయండి. మధ్యలో ఇబ్బంది వస్తే అది రోజూ తినే తిమోతి గడ్డి (వీటికి పెట్టే ఒక రకం ఎండుగడ్డి) పెల్లెట్లనే మిక్సీలో మెత్తగా పట్టి, టీ వడగట్టే జాలీలో జల్లించి, ఆ పొడి కలపండి. రంగు రంగుల గింజలు కలిపి అమ్మే మిశ్రమం పనికిరాదు. పెరుగన్నం, రాగి జావ, సెరెలాక్, అరటిపండు గుజ్జు, ఇవేవీ వద్దు. పక్కింటావిడ ప్రేమతోనే చెబుతుంది. కానీ పిండి, చక్కెర, పాలు ఈ పేగులో పులిసి గ్యాస్ అవుతాయి.

పట్టుకునే పద్ధతి చెబుతాను. ఇది రాతలో కంటే చేతిలో తేలిక. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నదాని పేరు విభూతి. బూడిద రంగు కదా అని మా ఆవిడ పెట్టింది. తిరుపతిలో ఉంటూ ఆ పేరేంటని ఎదురింటాయన వేళాకోళం చేస్తే, శ్రీకాళహస్తి ఎంత దూరమని అడిగింది. దానికి మూడేళ్ల కిందట ఇదే పని, దవడ పళ్లు అరగదీయించడం, జరిగింది. మొదటి రాత్రి నేను దాన్ని తువ్వాలులో బిగించి చుట్టి, వెల్లకిలా పెట్టి, పాప గొంతులో ఉగ్గు పోసినట్టు పోయబోయాను. రెండో గుక్కకే ముక్కులోంచి పచ్చటి బుడగ వచ్చింది. ఊపిరి గర్‌ర్ మంది. మా ఆవిడ నా చేతిలోంచి లాక్కుని, తల కిందికి వంచి పట్టుకుంది. దాని అదృష్టం, ఊపిరితిత్తుల్లోకి పోలేదు. నేనైతే ఆ రాత్రి మళ్లీ సిరంజి ముట్టుకోలేదు.

ఎప్పుడూ వెల్లకిలా వద్దు. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నట్టు, మామూలుగా కూర్చున్నట్టే ఉండాలి. మీరు నేల మీద కూర్చుని, దాన్ని ఒళ్లో మీ పొట్టకు ఆనించి, ముఖం బయటికి ఉండేలా పెట్టుకోండి. పలచటి కాటన్ తువ్వాలు వీపు మీదుగా వేసి, ముందు కాళ్లు లోపల ఉండేలా చుట్టండి. చుట్టు వదులుగానే ఉండాలి. దాని పక్కటెముకలు అగ్గిపుల్లల్లా ఉంటాయి, ఛాతీ నొక్కితే ఊపిరాడదు. పైగా ఆ బొచ్చుకు ఐదు నిమిషాల్లో ఒళ్లు వేడెక్కిపోతుంది. బొచ్చు పట్టి లాగకండి, భయపడితే గుప్పెడు ఊడి చేతికి వస్తుంది. ఇక సిరంజి ముందు నుంచి కాకుండా పెదవి పక్క నుంచి పెట్టాలి. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ సందులోంచి అవతలి బుగ్గ వైపు చూస్తున్నట్టు పెట్టి, రెండు చుక్కలు వదలండి. అంతే. గొంతు వైపు గురి పెట్టొద్దు. దవడ అటూ ఇటూ నములుతున్నట్టు కదలాలి, మింగాలి, అప్పుడు మళ్లీ రెండు చుక్కలు. 5 మి.లీ.కు మొదట్లో ఇరవై నిమిషాలు పడుతుంది, తొందరపడకండి. మధ్యలో ముక్కు చీదినా, ఊపిరిలో శబ్దం వచ్చినా ఆపేసి, తల రవ్వంత కిందికి ఉండేలా పట్టుకుని సర్దుకోనివ్వండి. ఆ శబ్దం పోకుండా అలాగే ఉంటే ఫోన్ చేయాల్సింది నాకు కాదు, డాక్టరుకు.

అయ్యాక తడి గుడ్డతో గడ్డం తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. ముద్ద ఎండి గట్టిపడితే కింద చర్మం పుండు పడుతుంది. గడ్డం తడి ఆరేదాకా, ఓ మూడు నాలుగు రోజులు, ధూళి స్నానం, అంటే ఒళ్లు శుభ్రానికి అది పొర్లే పొడి, పెట్టకండి. తడి మీద ఆ పొడి సిమెంటులా పట్టేస్తుంది.

నొప్పి మందు ఆపడం మీరు చేసిన పెద్ద పొరపాటు. కోపంగా అనడం లేదు, చాలామంది ఇదే చేస్తారు. దవడ పళ్లు పెరిగితే కింది వరుస నాలుక వైపు వాలుతుంది, పై వరుస బుగ్గ వైపు. వాటి అంచులకు ముళ్లు లేచి నాలుకను, బుగ్గను కోస్తాయి. ఆ ముళ్లు శనివారం పోయాయి, కోసిన పుండ్లు ఇంకా ఉన్నాయి. పైగా అంత చిన్న నోటిని అరగంటో ముప్పావుగంటో క్లిప్పు పెట్టి తెరిచి ఉంచారు. మనకు పన్ను పీకించుకుంటే దవడ ఎంత పట్టేస్తుందో తెలుసు కదా. నొప్పి ఉంటే నమలదు, నొప్పికి పేగు కూడా మందగిస్తుంది. రాసింది మెలాక్సికామ్ అన్నారు. రెండు మోతాదులు తప్పాయని రేపు పొద్దున్నే డాక్టరుకు ఫోన్‌లో చెప్పి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో అడగండి. రోజంతా తిండీ నీళ్లూ సరిగా లేవు కనుక, ముందు చర్మం కింద సెలైన్ ఎక్కించుకుని తర్వాత వేయమనవచ్చు. ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు ఆ మందు కిడ్నీల మీద పడుతుంది. మందు వేశాక అరగంట నుంచి గంట ఆగి తిండి పట్టండి. మనుషుల పారాసెటమాల్, డైక్లోఫెనాక్ జోలికి పోకండి. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశం 2006లోనే నిషేధించింది. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చనిపోయాయి, పశువులకు దాని బదులు వాడమన్నది ఈ మెలాక్సికామ్‌నే.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఎవరైనా "చీము పట్టిందేమో, ఈ సిరప్ వెయ్" అని అమోక్సిసిల్లిన్ తెచ్చిస్తే చేతిలోకి కూడా తీసుకోకండి. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్, ఇవి చించిల్లా పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపి, విషం పుట్టించేవాటికి దారి ఇస్తాయి. ప్రాణం పోతుంది. పసిపిల్లలకు రాసే మందు కదా, ఏమవుతుందిలే అనుకునేది ఇక్కడే. యాంటీబయోటిక్ ఏదైనా సరే, ఈ జాతి సంగతి తెలిసిన డాక్టరు నోటి నుంచే రావాలి.

మీ ప్రశ్నలో నన్ను ఆపిన ఇంకో వాక్యం: "ఏసీ 18లో పెట్టి ఉంచాం." మామూలు రోజుల్లో మంచిదే. ఆండీస్ కొండల చలిలో పుట్టిన జాతి, చెమట పట్టదు, 26 దాటితేనే వడదెబ్బ మొదలు. మన చిత్తూరు, తిరుపతి ఎండలు 40 దాటేవి కదా, ఏసీ లేకుండా దీన్ని పెంచడం పాపం అనే అంటాను నేను. కానీ మత్తు దిగుతున్న జీవికీ, తిండి చాలని జీవికీ ఒంటి వేడి పడిపోతుంది. చల్లబడితే పేగు ఇంకా మందగిస్తుంది. ఈ నాలుగైదు రోజులు గది 22, 23 దగ్గర ఉంచండి. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి బోనులో ఒక మూల, ఎప్పుడూ పెట్టే గ్రానైట్ పలక ఇంకో మూల పెట్టండి. ఎటు కావాలో అటు అదే వెళ్తుంది. సీసా దగ్గరే అతుక్కుని కూర్చుంటే చలి వేస్తోందని, పలక మీద బోర్లా పడితే ఉక్కగా ఉందని అర్థం. చెవులు ముట్టుకోండి: మంచులా ఉన్నాయంటే వెచ్చదనం పెంచాలి, ఎర్రబడి కాలుతున్నాయంటే తగ్గించాలి. మా వీధిలో కరెంటు పోతే మూడు గంటలు రాదు, మా ఇన్వర్టరు ఏసీని లాగదు. అందుకే ఫ్రీజర్‌లో రెండు నీళ్ల సీసాలు ఎప్పుడూ గడ్డ కట్టి ఉంటాయి. మీరూ పెట్టుకోండి.

నీళ్ల సీసా గొట్టాన్ని నాకడం ఇప్పుడు దానికి కష్టం. నాలుక మీద పుండు ఉంది కదా. పింగాణీ మూకుడులో నీళ్లు పోసి పక్కన పెట్టండి.

ఇప్పుడు రెండు పుస్తకాలు కావాలి, అంటే రెండు లెక్కలు. ఒకటి బరువు. రోజూ ఒకే వేళకు, సాయంత్రం మొదటి పూటకు ముందు, కిచెన్ త్రాసు మీద డబ్బా పెట్టి సున్నా చేసి, అందులో దాన్ని కూర్చోబెట్టి గ్రాముల్లో రాయండి. "కొంచెం చిక్కినట్టుంది" అనే మాట ఆ బొచ్చు ముందు చెల్లదు. ఆ బొచ్చు కింద సగం బరువు పోయినా కనబడదు. రెండోది పెంటికలు. బోనులో చెక్కపొట్టు తీసేసి పాత తెల్ల పంచె పరవండి, లెక్క తేలుతుంది. బాగున్న చించిల్లా రోజుకు వందకు పైనే వేస్తుంది, ఒక్కోటి బియ్యపు గింజ కంటే లావుగా, పొడిగా, ఒకే సైజులో. ఇప్పుడు చిన్నవిగా, మొన తేలి, అక్కడక్కడా పడతాయి. బెంగపడొద్దు, అది పోయిన రెండు రోజుల తిండి. మీరు ఇవాళ పట్టిన ముద్ద ఫలితం రేపు రాత్రికో ఎల్లుండికో కనబడుతుంది. పన్నెండు గంటలు ఒక్కటీ పడకపోతే, అదీ ముద్ద సరిగా లోపలికి పోతున్నా, ఇక ఇంట్లో చేసేదేమీ లేదు, తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరండి.

ఎక్కడికి? మీకు చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు. ఇక్కడ 1955 నుంచి ఉన్న వెటర్నరీ కాలేజీ ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి, చించిల్లా అని, తిండి మానేసిందని, గ్యాస్ అనుమానమని చెప్పి, ఎవరు చూస్తారో కనుక్కోండి. సెలైన్, గ్యాస్‌కు మందు లాంటి అత్యవసరం దగ్గర్లో జరిగిపోవాలి. పళ్లు మళ్లీ ముట్టుకోవాల్సి వస్తే మాత్రం చెన్నైలో చేసిన డాక్టరు దగ్గరకే వెళ్లండి. లోపల ఏం చేశారో తెలిసింది ఆయనకే. మా తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో, విరిగిన ఎముకలకు కట్లు కట్టడంలో పేరున్న పుత్తూరు వస్తుంది. "దవడే కదా, ఇక్కడే కట్టు కట్టించుకుని పోదాం" అని మా బావమరిది విభూతిని తీసుకెళ్తున్నప్పుడు నవ్వించబోయాడు. ఆ రోజు నవ్వు రాలేదు గానీ తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

గడ్డి దగ్గరికొస్తాను. బోనులో గడ్డి ఎప్పుడూ ఉండాలి, తినకపోయినా సరే. రోజూ తాజాగా మార్చండి. ఇప్పుడు పొడుగు కాడలు పెట్టకండి. ఆకు ఎక్కువున్న మెత్తటి పోచలు ఏరి, కత్తెరతో వేలు గోరంత ముక్కలు చేసి చల్లండి. ఆ ముక్కలతో అది ఏం చేస్తుందో దూరం నుంచి గమనించండి. నా అనుభవంలో మొత్తం వైద్యంలో ఎక్కువ సంగతులు చెప్పేది ఇదే. గడ్డి దగ్గరకు వచ్చి, తీసుకుని, రెండుసార్లు నమిలి, ముఖం పక్కకు తిప్పి వదిలేస్తే దానికి ఆకలి ఉంది, నోరు నొప్పి. అలాంటిది రోజురోజుకూ మెరుగుపడాలి. ఆరేడు రోజులైనా అలాగే వదిలేస్తుంటే ఎక్కడో ఒక ముల్లు మిగిలిందనో, పన్ను వేరు దగ్గర చీము ఉందనో అనుమానించాలి. అలా కాకుండా అసలు గడ్డి వైపు చూడకుండా గమ్మున మూల కూర్చుంటే నోటి సంగతి కాదు, కడుపో, కాలేయమో, నొప్పి మందు చాలకపోవడమో. మీరు పెల్లెట్ నోట్లో పెట్టుకుని వదిలేస్తోందని రాశారు. నాకు ఆ వాక్యమే ధైర్యం ఇచ్చింది.

తిమోతి గడ్డి అయిపోతే ఏం పెట్టాలని చాలామంది అడుగుతారు. వరిగడ్డి బిరుసు, సత్తువ తక్కువ, పుండున్న నోటికి అసలే వద్దు. వినాయకుడికి పెట్టే గరిక ఉంది కదా, మందు కొట్టని చోట కోసి, కడిగి, నీడలో బాగా ఎండబెడితే నాలుగు రోజులు గడుస్తుంది. కొన్ని దానిపై పడి తింటాయని విభూతిని చూశాక తెలిసింది.

సిరంజి ఎప్పుడు ఆపాలి? బరువు మూడు రోజులు వరసగా నిలబడి, పెంటికలు మామూలు సైజుకొచ్చి, అది సొంతంగా గడ్డి తింటుంటే ముందు పగటి పూట ఒకటి తీసేయండి. రెండు రోజులు చూడండి. బరువు తగ్గకపోతే ఇంకోటి. ఒక్కసారిగా అన్నీ ఆపేస్తే తిండి మీద ఆశ పుట్టి తింటుందని కొందరంటారు. మళ్లీ అదే "ఆకలేస్తే తింటుంది" మాట, ఇంకో వేషంలో. కానీ ఇటువైపూ జాగ్రత్త ఉంది. కొన్నిటికి ముద్ద అలవాటై, గడ్డి నమలడం మానేస్తాయి. వీటి పళ్లు ఇరవై, ఇరవయ్యీ చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. దవడ పళ్లను అరగదీసేది గడ్డి ఒక్కటే. కొరకమని ఇచ్చే చెక్క ముక్కలు ముందు పళ్లకే పనికొస్తాయి. కాబట్టి ముద్ద తర్వాత ప్రతిసారీ కాస్త గడ్డి ముక్క ముక్కు దగ్గర పెట్టడం మానకండి. నెల రోజులు నొప్పితో ఉన్నది కనుక దవడ కండ కూడా చిక్కిపోయి ఉంటుంది. మామూలుగా నమలడానికి రెండు వారాలు పట్టినా తొందరపడకండి.

ఇంకో విషయం ఇప్పుడే చెప్పడం న్యాయం. ఇది ఒక్కసారితో పోయే జబ్బు కాకపోవచ్చు. అరగదీసిన పన్ను మళ్లీ పెరుగుతుంది. కొన్నిటికి ఆరు వారాలకే మళ్లీ పని పడుతుంది, కొన్నిటికి నెలల తరబడి అవసరం రాదు. ముఖ్యంగా వేర్లు దవడ ఎముకలోకి పెరిగి ఉంటే పైన అరగదీసినందువల్ల కింద బాగుపడదు. కింది దవడ అంచు వెంట వేలితో తడిమితే చిన్న చిన్న గడ్డల్లా తగులుతాయి, కంట్లోంచి నీరు కారుతుంది. పుర్రె ఎక్స్‌రే తీశారో లేదో కనుక్కోండి. తీసి ఉంటే కాపీ మీ దగ్గర పెట్టుకోండి. విభూతికి వేర్లు అంత చెడలేదు. ఇప్పటికి మూడేళ్లలో మూడుసార్లు అరగదీయించాం. మధ్యలో ఎవరైనా గోళ్లు కత్తిరించే కట్టరుతో ఇంట్లోనే ముందు పళ్లు తీసేయవచ్చంటే వినకండి, పన్ను నిలువునా చీలి చిగుళ్లలోకి పోతుంది. అన్నట్టు ముందు పళ్లు నారింజ పసుపు రంగులో ఉంటేనే ఆరోగ్యం. తెల్లగా మెరుస్తున్నాయని మురిసిపోకండి.

విభూతికి మొదటిసారి జరిగినప్పుడు ఐదో రాత్రి గుర్తుంది. తెల్లారి మూడు గంటల పూటకని లేచి, టీవీలో కొండ మీది సుప్రభాతం చిన్న శబ్దంతో పెట్టుకుని, ముద్ద కలుపుతున్నా. బోను వైపు నుంచి కర్ కర్ మని శబ్దం. ఎలుకేమో అనుకున్నా. లైటు వేయకుండా వెళ్లి చూస్తే, రెండు చేతులతో గరిక పోచ పట్టుకుని, కళ్లు సగం మూసి, ఒక్కో అంగుళం లోపలికి లాక్కుంటోంది. మా ఆవిడను లేపాను. ఇద్దరం చీకట్లో నేల మీద కూర్చుని, అది ఆ పోచ అయిపోగొట్టి ఇంకోటి అందుకునేదాకా మాట్లాడలేదు. కలిపిన ముద్ద చెక్కు చెదరకుండా గిన్నెలో మిగిలింది. అయినా 3 మి.లీ. పట్టే పడుకున్నాం.

ఈ రాత్రికి కడుపు తడిమి చూడటం, 3 మి.లీ. చొప్పున రెండు గంటలకోసారి, ఏసీ 22, తెల్ల పంచె. రేపు ఎనిమిది గంటలకు డాక్టరుకు ఫోన్. రేపు సాయంత్రం బరువు ఎంతుందో, పంచె మీద ఎన్ని పెంటికలున్నాయో ఇక్కడే రాయండి. నేను తొమ్మిదిన్నరకు చూస్తాను.